నీలం సుద్దగీత

టైలరమ్మ కంటికి అంగుళంలో పావు వంతు కూడా తప్పిపోదు. మెట్ల మీద అలికిడి విని తల తిప్పి ఒక్కసారి చూసిందంటే చాలు, వచ్చే మనిషి నడుం ఎంతో, భుజం ఎంతో, ఏ చెయ్యి రెండోదానికన్నా పొడుగో చెప్పేస్తుంది. ఆ తర్వాత టేపు తీయడమంతా మర్యాద కోసమే. అంత నిక్కచ్చి మనిషీ తన నడుం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊపిరి లోపలికి పీల్చి, టేపు బిగించి పట్టుకుని, చూపు గుండీల సీసాల వైపు తిప్పుకుని, ఐదేళ్ల కిందటి అంకెనే మళ్లీ రాసుకునేది. తన బట్టలు తనే కుట్టుకుంటుంది గనక, కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలిందో అడిగే నాథుడు లేడు.

ఆ గుట్టు ఒక బుధవారం వీధిన పడింది.

మందుల షాపు పైన, పద్దెనిమిది మెట్లెక్కితే ఆమె కొట్టు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు నిలువుటద్దం, మనిషి పక్కకి తిరగాలంటే ఇంకో మనిషి బయటికి పోవాల్సినంత చోటు. ఆ బుధవారం బల్ల మీద రెండు ఖాకీ కాగితం పొట్లాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో లాయరుగారి నల్లగౌను, రెండోదాంట్లో బ్యాండుమాస్టరుగారి ఎర్రకోటు, బంగారు రంగు గుండీలతో సహా. లాయరు ముందొచ్చి తన పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన వీధిలోకి దిగాడో లేదో బ్యాండుమాస్టరు వచ్చి, తన పొట్లం విప్పి, గౌను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇది వేసుకుని బాకా ఊదమంటావా, బెయిలు అడగమంటావా?" అన్నాడు.

కొంప మునిగిందనుకుంటూ టైలరమ్మ పద్దెనిమిది మెట్లూ గబగబా దిగి పరుగందుకుంది. లాయరు ఎక్కడికో పోలేదు, నాలుగో షాపు ముందు కారు తలుపు తీస్తున్నాడు. నాలుగంటే నాలుగే షాపులు. చెప్పుల కొట్టు దాటేసరికి ఆయాసం, పుస్తకాల కొట్టు దాటేసరికి కళ్లు బైర్లు కమ్మడం. "లాయరుగారూ" అని అరుద్దామంటే నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. చివరికి కరెంటు స్తంభాన్ని రెండు చేతులతో కావలించుకుని నిలబడింది. కారు వెళ్లిపోయింది.

ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో లాయరు ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఎర్రకోటు తెచ్చిచ్చేటప్పుడు, పొట్లం కట్టినప్పుడు పెట్టని పై గుండీ పెట్టి ఉంది. టైలరమ్మ అది చూసి కూడా చూడనట్టే ఊరుకుంది.

స్తంభాన్ని కావలించుకున్న సంగతి మాత్రం ఒకరు చూశారు. ఆవిడ ఎదురుగా వస్తున్న లెక్కల టీచరు. ఏడాదిగా టైలరమ్మ దగ్గర ప్యాంట్లు బిగుతు చేయించుకుంటున్న మనిషి. కొలతల పుస్తకంలో ఈవిడ నడుం నాలుగుసార్లు రాసి ఉంది, నాలుగుసార్లూ తగ్గుతూ వచ్చింది, మొత్తం మూడంగుళాలు. ఎవరి మాటనైనా టైలరమ్మ నమ్మకపోవచ్చు గానీ తన టేపు మాట నమ్మకుండా ఉండలేదు.

"ఆదివారం పొద్దున ఆరింటికి పార్కు గేటు దగ్గరికి వచ్చెయ్యండక్కా. మా గుంపుతో కలిసి పరిగెడుదురుగాని. మూడే కిలోమీటర్లు" అంది టీచరు, ఆ సాయంత్రం కొట్టుకి వచ్చి.

"నేనా? ఈ ఒళ్లేసుకునా?"

"ఒళ్లు ఇంట్లో పెట్టి రావడం ఎవరివల్లా కాదుగా అక్కా."

ఆ మాటకి టైలరమ్మకు నవ్వొచ్చింది, ఒప్పేసుకుంది. టీచరు మెట్లు దిగి వెళ్లాక గానీ ఏం ఒప్పుకుందో తెలిసిరాలేదు.

ఆమెకు ఆయాసమంటే భయం లేదు, చెమటంటే భయం లేదు. భయమల్లా గీతంటేనే. పదేళ్లప్పుడు బళ్లో పరుగుపందెం పెట్టారు. డ్రిల్లు మాస్టారు మైదానంలో ఈ చివర ఒక గీత, ఆ చివర ఒక గీత సుద్దతో గీశాడు. అందరూ పరిగెత్తారు, ఈమె కూడా పరిగెత్తింది. ఆవలి కొసకి చేరేసరికి అక్కడ గీత లేదు. అందరూ వచ్చేశారనుకుని మాస్టారు బూటుకాలితో దాన్ని చెరిపేసి, తర్వాతి ఆటకి గుండ్రంగా ఇంకోటి గీసుకుంటున్నాడు. పిల్లలంతా కుళాయి దగ్గర నీళ్లు తాగుతున్నారు. ఎక్కడ ఆగాలో తెలియక ఆ పిల్ల అలాగే పరిగెత్తుకుంటూ పోయి ప్రహరీగోడకి తగిలి ఆగింది. ముప్పై ఆరేళ్లయింది. ఆ గోడ ఇటుకలు ఎన్ని వరసలో ఇప్పటికీ చెప్పగలదు.

ఈసారి కూడా తను చేరేలోపు గీత చెరిగిపోయి ఉంటే మాత్రం, ఇక జన్మలో పరుగు ఊసెత్తకూడదని ఆ రాత్రి అన్నం తింటూ గట్టిగా అనుకుంది. స్తంభాలకేం, ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి.

మొగుడు సిటీబస్సు డ్రైవరు. సంగతి విని మెతుకు గొంతుకి అడ్డం పడేలా నవ్వాడు.

"మూడు కిలోమీటర్లా? ఆ దారిలో నా బస్సుకి ఏడు స్టాపులున్నాయి. ఏ స్టాపులోనైనా సరే చెయ్యెత్తు, ఎక్కించుకుంటా."

"ఆదివారం మీకు సెలవు కాదూ?"

"డ్యూటీ మార్చుకుంటా. ఇంత వినోదం ఇంట్లో పడుకుని ఎలా పోగొట్టుకుంటాను?"

ఆమె కంచంలోంచి తలెత్తకుండా "ఎత్తను" అంది.

ఆదివారం ఆరు కాకముందే పార్కు గేటు దగ్గర పదకొండుమంది తయారు. ఒకడు గోడ పట్టుకుని కాలు వెనక్కి మడుస్తున్నాడు, ఒకామె ఉన్నచోటే గెంతుతోంది. అందరి బట్టలూ రబ్బరులా ఒంటికి అతుక్కున్నాయి. టైలరమ్మ మాత్రం తను కుట్టుకున్న బూడిదరంగు నూలు ప్యాంటులో వచ్చింది. దానికి నాలుగు జేబులు, అన్నీ నిజం జేబులే. ఒకదాంట్లో చేతిరుమాలు, ఒకదాంట్లో పిన్నీసులు, ఒకదాంట్లో ఇంటి తాళంచెవి, ఇంకోదాంట్లో అలవాటు కొద్దీ గుర్తులు పెట్టే సుద్ద.

అది అక్కరకొచ్చింది. ఎప్పుడూ గీత గీసే లెక్కల టీచరు ఆ రోజు బడి సుద్దముక్క ఇంట్లో మర్చిపోయి సంచంతా వెతుకుతోంది.

"గీతెందుకు?" అని అడిగింది టైలరమ్మ.

"ఇక్కడ మొదలుపెట్టి, చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే వస్తాం అక్కా. మా దగ్గర ఒకటే రూలు. చివరి మనిషి దాటేదాకా గీత చెరపం, టీ ఫ్లాస్కు మూత తియ్యం, అరటిపండు తొక్క వలవం."

మాటలకేం, డ్రిల్లు మాస్టారు కూడా చాలా చెప్పేవాడు అనుకుంది టైలరమ్మ. అయినా జేబులోంచి నీలం సుద్ద తీసింది. వేళ్ల మధ్య పట్టే పల్చటి బిళ్ల అది. వంగి, ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్క ఊపులో గీత లాగింది. చొక్కా కత్తిరించొచ్చు, అంత తిన్నగా వచ్చింది.

"తిన్నగా ఉంది గానీ దారంలా ఉందండీ" అన్నాడు బేకరీ ఆయన. గుంపులో ఇతనే బొద్దు. "తిరిగొచ్చేటప్పుడు నాకు కళ్లద్దాలు కావాలి."

టైలరమ్మ మళ్లీ వంగి, దాని పక్కనే ఇంకోటి, ఇంకోటి గీసి అంగుళం వెడల్పు చేసింది. సుద్ద సగం అరిగిపోయింది. తన సుద్ద, తన గీత. ఇక దీన్ని ఎవరు చెరుపుతారో చూడాలి అనుకుంది, మొహం ముటముటలాడించుకుంటూ.

అప్పుడే వచ్చాడు బాబాయి. అందరికీ బాబాయే. అరవై దాటిన బక్కపల్చటి మనిషి, లిఫ్టు మెకానిక్కు, భుజానికి నీళ్ల సంచి. టైలరమ్మ కన్ను సూటిగా ఆయన ప్యాంటు మీదికి పోయింది. పొడుగు రెండంగుళాలు ఎక్కువ. బూట్ల మీద కుప్పగా పడి, మడమల దగ్గర నేలకి రాసుకుంటోంది. ఎవరో పెద్ద మనిషి వాడి వదిలేసిన ప్యాంటు అయ్యుంటుంది, పాపం, మడిచి కుట్టిపెట్టే దిక్కు కూడా లేనట్టుంది అని ఆమెకు మనసు చివుక్కుమంది.

"ఏం బాబాయ్, ఇవాళ కూడా చివర మీరేనా?" అని అరిచాడు బేకరీ ఆయన.

"నేనే! ఇంకెవరికిస్తాను?" అన్నాడు బాబాయి.

అందరూ గొల్లుమన్నారు. టైలరమ్మకు ఒళ్లు మండింది. పెద్దమనిషిని పట్టుకుని, అదీ మొహం మీదే! ఆయన పాపం నవ్వేసి ఊరుకున్నాడు. నవ్వక ఏం చేస్తాడు, తను కూడా బళ్లో అలాగే నవ్వేది.

లెక్కల టీచరు వచ్చి, "అక్కా, మీరూ బాబాయీ కలిసి రండి. తొందరేం లేదు" అని చెప్పి గీత దగ్గరికి పోయింది. అంటే ముసలాయన బాధ్యత తనకి అప్పజెప్పారన్నమాట. టైలరమ్మ ఒక్కసారిగా రెండంగుళాలు ఎత్తయింది.

ఈల వేశారు. బయల్దేరారు. ఎంత బాధ్యత ఉన్నా మొదటి వంద అడుగులు మాత్రం ఆమె ఆగలేకపోయింది. అందరూ ఉరికితే కాళ్లు వాటంతటవే ఉరికాయి. తాళంచెవి గలగలలాడింది, పిన్నీసులు చప్పుడు చేశాయి, ఒక్క క్షణం తనే ముందున్నట్టు కూడా అనిపించింది. మూసి ఉన్న బేకరీ దగ్గరికి వచ్చేసరికి పక్కలో పోటు మొదలైంది. గుంపు మలుపు తిరిగి మాయమైంది. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చేపలా నోరు తెరిచి నిలబడిపోయింది. ఇంకా కిలోమీటరులో మూడోవంతు కూడా కాలేదు.

వెనక నుంచి టప్‌టప్‌మని అడుగులు వినిపించి, ఆగాయి.

"అయ్యో, లేసు ఊడింది. ఒక్క నిమిషం ఆగుతారా అమ్మా?" అన్నాడు బాబాయి. అని రోడ్డు పక్కన ఒంటి మోకాలి మీద కూర్చుని, ప్యాంటు కుప్పలో చేతులు పెట్టి సర్దుకోసాగాడు.

"నిదానంగా కట్టుకోండి, నాకేం తొందర?" అంది టైలరమ్మ, గాలి దొరికిన మేరకు. ఈయన లేసు పుణ్యమా అని పరువు దక్కిందనుకుంది.

ఆయన లేచేసరికి ఆమె పోటు కూడా తగ్గింది. ఇద్దరూ నెమ్మదిగా సాగారు. ఆయన ఎప్పుడూ ఒక అడుగు వెనకే. ఆమె కాస్త వేగం పెంచితే ఆయన అడుగులూ పెరిగేవి, తగ్గిస్తే తగ్గేవి. పాపం, ఎంత కష్టపడి నా వెంట వస్తున్నాడో అనుకుంది.

"లిఫ్టులు బాగుచేస్తారటగా?"

"ముప్పై ఐదేళ్లయిందమ్మా. జనం మెట్లెక్కకుండా చూడటమే నా ఉద్యోగం. ఆ పాపం కడుక్కోవడానికే ఆదివారం ఇక్కడికొస్తుంటాను."

వంతెన ఎత్తు దగ్గర ఆమె తలప్రాణం తోకకొచ్చింది. సగం ఎక్కేసరికి కాళ్లు రెండూ నీళ్లు నింపిన సంచుల్లా అయ్యాయి. ఆగుదామని నోరు తెరవబోతుంటే, మళ్లీ బాబాయి లేసే ఊడింది.

"అవి నైలాను లేసులై ఉంటాయి బాబాయిగారూ" అంది ఆమె, కాలువలోకి చూస్తూ, రెయిలింగు మీద వాలిపోయి. "జారిపోతాయి. నూలువి కొనుక్కోండి. రెండు ముడులు వెయ్యండి. ప్యాంటు కూడా నా కొట్టుకి తీసుకురండి, రెండంగుళాలు పైకి మడిచి కుడతాను. ఇలాగైతే కాలికి అడ్డంపడి బోర్లాపడతారు."

"అలాగేనమ్మా" అన్నాడు ఆయన, నేలమీంచి.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి హారను మోగింది, ఒకసారి కాదు, పెళ్లివారి కారులా ఆగకుండా. సిటీబస్సు వాళ్ల పక్కకొచ్చి ఆగింది. ముందు తలుపు బుస్సుమని తెరుచుకుంది. లోపల స్టీరింగు వెనక మొగుడు, చెవి నుంచి చెవి దాకా నవ్వుతో. కిటికీల్లో పది పదిహేను మొహాలు.

"ఎక్కు! స్టాపు కాకపోయినా నీకోసం ఆపాను. ఆ గేటు దగ్గర దింపేస్తా. ఎవరికీ చెప్పనులే!"

ఎవరికీ చెప్పనని బస్సంతా వినేట్టు అరిచాడు. లోపల మెత్తటి సీటు కనిపిస్తోంది. ఫ్యాను కూడా తిరుగుతోంది. అబద్ధమెందుకు, టైలరమ్మ చెయ్యి తలుపు కడ్డీ మీద పడింది, కుడికాలు మెట్టు మీదికి లేచింది. ఆ కాలు అక్కడే ఆగింది. తను ఎక్కి కూర్చుంటే ఈ ముసలాయన ఏమైపోతాడు? ఒక్కడే లేసులు కట్టుకుంటూ ఎప్పటికి చేరతాడు? చేరేసరికి గీత ఉంటుందా, వీళ్లంతా అరటిపళ్లు తినేసి, గీత చెరిపేసి ఎవరి దారిన వాళ్లు పోరూ?

కాలు కిందికి దింపింది.

"మీరు పదండి. నాకు ఇక్కడ పనుంది" అంది.

"ఏం పని?"

"ఒక పెద్దాయన్ని ఇంటికి చేర్చాలి."

డ్రైవరు ఆమెను చూశాడు, ఆమె వెనక లేచి నిలబడుతున్న బాబాయిని చూశాడు. బాబాయి ఆయనకేసి చూసి చిన్నగా తలాడించాడు. ఏమర్థమైందో ఏమో, మొగుడి మొహంలో వెక్కిరింపు తగ్గింది. "సరే, జాగ్రత్త" అని తలుపు మూసేశాడు. బస్సు కదులుతుంటే వెనక సీటులో ముసలమ్మ ఒకావిడ టైలరమ్మకు చెయ్యి ఊపింది.

వంతెన దిగాక ఆసుపత్రి వెనకగోడ. పొడుగాటి ఇటుక గోడ. మూడోసారి లేసు ఊడింది అక్కడే. టైలరమ్మ గోడకి చేరగిలబడి ఊపిరి తీసుకుంటూ, ఈ మనిషికి ఎలాగైనా కాస్త ధైర్యం చెప్పాలనుకుంది.

"చివర రావడం తప్పేం కాదు బాబాయిగారూ. వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. నేనూ వచ్చినదాన్నే" అని మొదలుపెట్టి, డ్రిల్లు మాస్టారు సంగతి, చెరిగిపోయిన గీత సంగతి, గోడ సంగతి అంతా చెప్పేసింది. ఇదివరకు ఒక్క మొగుడికే చెప్పింది. ఆయన విని కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. బాబాయి నవ్వలేదు. లేసు దగ్గర చేతులు కూడా ఆగిపోయాయి.

"తర్వాతేమైంది?"

"ఏమవుతుంది? గోడ వచ్చింది, ఆగాను."

"మీ వెనక ఎవరూ రాలేదా?"

"నేనే చివర అంటుంటే వెనకెవరుంటారు, మీరు మరీను!"

"అవును కదూ" అన్నాడు ఆయన. నీళ్ల సంచి భుజానికి సర్దుకుని లేచాడు.

చివరి మలుపు తిరగ్గానే పార్కు గేటు కనిపించింది. పదకొండుమందీ అటూ ఇటూ బారులు తీరి నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ అరటిపండు లేదు. ఫ్లాస్కు బెంచీ మీద మూతతోనే ఉంది. టైలరమ్మ వాళ్లెవర్నీ చూడలేదు, నేలకేసి చూసింది. అంగుళం వెడల్పున, నీలంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఉంది. ఎక్కడా చెరగలేదు.

ఇంకో యాభై అడుగులు వేస్తే అయిపోతుంది. అప్పుడే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. తను దాటితే వెనకాయన చివరివాడైపోతాడు. మళ్లీ ఆ బేకరీ మనిషి నోరు, మళ్లీ అందరి నవ్వులు. తనకా, చివర రావడం పాత అలవాటే. ముప్పై ఆరేళ్లు మోసిన బరువు ఇంకొక్క ఆదివారం మోస్తే అరిగిపోదు. మనసు పీకుతూనే ఉంది గానీ, అడుగులు తగ్గించింది.

బాబాయి కూడా తగ్గించాడు. ఆమె ఇంకా తగ్గించింది. ఆయనా తగ్గించాడు. చంటిపిల్ల బండి తోసుకుంటూ పోతున్న ఒకావిడ ఇద్దర్నీ దాటుకుని ముందుకెళ్లిపోయింది. గుంపు మొదట చప్పట్లు కొట్టింది, కాసేపటికి ఏం జరుగుతోందో తెలియక చేతులు ఆపేసింది.

గీతకి ఒక్క అడుగు ఇవతల టైలరమ్మ ఆగిపోయింది.

"మీరు దాటండి బాబాయిగారూ."

"మీరు దాటండమ్మా."

"పెద్దవారు, ముందు మీరు."

"అలా కుదరదమ్మా. మీరే."

"నేను కదలను. ఇక్కడే నిలబడతాను" అని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేనూ నిలబడతాను. నాకు ఇంట్లో పనేం లేదు" అన్నాడు ఆయన, నీళ్ల సంచి కిందపెట్టి.

బేకరీ ఆయన ఏడుపుమొహం పెట్టాడు. "మీకు పుణ్యముంటుంది, ఎవరో ఒకరు దాటండి! నేను తెల్లారుజామున మూడింటికి లేచి రొట్టెలు కాల్చినవాణ్ణి. ఆ అరటిపళ్లు నన్ను పేరుపెట్టి పిలుస్తున్నాయి!"

"నువ్వు మాట్లాడకు!" అని టైలరమ్మ ఇంతెత్తున లేచింది. "పెద్దాయన్ని నలుగుర్లో అలా ఎగతాళి చేస్తావా? చివరొస్తే మనిషి కాకుండా పోతాడా? ఇవాళ చివర నేనే. ఏం నవ్వుకుంటారో నన్ను చూసి నవ్వుకోండి!"

లెక్కల టీచరు నెమ్మదిగా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆయన మీకన్నా ముందు దాటరు. నాలుగేళ్లుగా ఎవరికన్నా ముందు దాటలేదు."

"అయ్యో, నాలుగేళ్లా! అంత నెమ్మదా?"

అప్పుడు పగిలింది నవ్వు. బేకరీ ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. టీచరు నవ్వాపుకోలేక ఆమె భుజం పట్టుకుంది. "నెమ్మదేంటక్కా! ఆయన పరుగందుకుంటే మాకు మడమలు కూడా కనిపించవు. అది ఆయన పని. ఎవరు వెనకబడితే వాళ్ల వెనక ఆయన ఉంటారు. మా గుంపులో చివర ఆయనే వస్తారు, ఆ చోటు ఎవరికీ ఇవ్వరు. చెప్పాను కదా, మీరూ బాబాయీ కలిసి రండని. మీకు అర్థమైందనుకున్నా."

టైలరమ్మకు చెవులు వేడెక్కాయి. దారి పొడుగునా తను ఆయనకు చెప్పిన ధైర్యాలు, ఇచ్చిన సలహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెద్దాయన్ని ఇంటికి చేర్చాలని బస్సు బస్సంతటికీ చెప్పింది కూడానూ. భూమి విడిపోతే అందులోకి దూరిపోదామనిపించింది. అయితే సిగ్గు వెనకాలే ఇంకోటి కూడా వచ్చింది, అది సిగ్గు కాదు. ఇంతసేపూ తన వెనక ఒక మనిషి ఉన్నాడు. తను ఎంత నెమ్మదిగా నడిచినా, ఎన్నిసార్లు ఆగినా, వెనక ఉండటానికే వచ్చిన మనిషి.

"దాటండమ్మా" అన్నాడు బాబాయి మెల్లగా. "ఇక్కడ గోడ లేదు."

ఆమె అడుగు వేసింది. నీలంగీత కాలి కిందనుంచి వెనక్కి పోయింది. పదకొండుమంది చప్పట్లూ ఒక్కసారిగా మోగాయి, ఆమె వాటి మధ్య నిలబడి చేతిరుమాలున్న జేబు కోసం నాలుగు జేబులూ వెతుక్కుంది. కళ్లకు అడ్డంగా నీళ్లు నిలిస్తే తను కుట్టిన జేబులు తనకే దొరకలేదు.

ఆమె తర్వాత బాబాయి దాటాడు. బేకరీ ఆయన అప్పటికే తొక్క వలిచేశాడు.

గీత చెరపడం చివరి మనిషి వంతట. బాబాయి వెనక్కి తిరిగి, కుడికాలు చాచి, బూటు అడుగుతో ఒక చివర నుంచి రుద్దడం మొదలుపెట్టాడు. బూటుకాలు, సుద్దగీత. టైలరమ్మ దగ్గరికొచ్చి చూస్తూ నిలబడింది. ఈసారి తను గీతకి అవతలి పక్కకి వచ్చేశాక చెరుపుతున్నారు. ఎంత చెరిపినా బాధనిపించలేదు.

రుద్దుతున్నకొద్దీ ప్యాంటు కాస్త పైకి జరిగింది. అప్పుడు కనిపించింది బూటు.

దానికి లేసుల్లేవు. లేసులు దూర్చే కన్నాలు కూడా లేవు. అడ్డంగా రెండు వెల్క్రో పట్టీలు, నొక్కితే అతుక్కునేవి, అంతే. తన కొట్టులో చుట్టలు చుట్టలుగా ఉండే సరుకే అది. అంగుళంలో పావు వంతు తప్పిపోని కన్ను, మూడు కిలోమీటర్ల పొడుగునా దాన్ని చూడలేదు. ఆమె బేకరీ దగ్గరి పోటు గుర్తు చేసుకుంది, వంతెన గుర్తు చేసుకుంది, ఆసుపత్రి గోడ గుర్తు చేసుకుంది. మూడుసార్లూ తనకి ఊపిరి అందనప్పుడే.

నోటికి వచ్చిన మాట మాత్రం వృత్తి మాటే.

"ఆ ప్యాంటు తెచ్చివ్వండి బాబాయిగారూ. రెండంగుళాలు మడిచి కుడతానన్నాగా."

బాబాయి కిందికి చూసుకున్నాడు, ఆమె ఏం చూసిందో ఆయనకు తెలిసిపోయింది. దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"వద్దమ్మా. మడిచేస్తే కొత్తగా వచ్చేవాళ్లందరికీ కనబడిపోదూ?"

ఆమె తలూపింది. సగం అరిగిన సుద్దబిళ్లని జేబులోంచి తీసి చూసుకుంది. వచ్చేవారానికి ఒక గీతకి సరిపోతుంది.

"మరి వచ్చే ఆదివారం కూడా ఊడుతుందా లేసు?" అని అడిగింది.

"మీకెన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఊడుతుందమ్మా" అన్నాడు బాబాయి, గీతలో మిగిలిన ముక్క చెరుపుతూ.